పీఎంఎస్ 5003 ధూళి సెన్సర్: ఏ అంకె నమ్మాలి, ఏ అంకె వదిలేయాలి

గాలి నాణ్యత మీటర్ల పేరుతో అమ్మే పరికరాల మూత విప్పి చూస్తే చాలావాటిలో కనిపించేది ప్లాంటవర్ కంపెనీ తయారుచేసే పీఎంఎస్ 5003. లేదంటే దాని తమ్ముళ్లు పీఎంఎస్ 7003, పీఎంఎస్‌ఏ 003. పైన డబ్బా మారుతుంది, తెర మారుతుంది, యాప్ మారుతుంది. గాలిని చదివే ముక్క అదే. అందుకని ఈ సమీక్ష ఫలానా బ్రాండు డబ్బా మీద కాదు, ఆ ముక్క మీద. సెన్సర్ విడిగా తెచ్చి మీటరు మీరే కట్టుకున్నా, తయారు మీటరు కొనుక్కున్నా కింద రాసినవి వర్తిస్తాయి.

ముందే తేల్చి చెప్పాలంటే ఇదీ సంగతి. గాలి ఎప్పుడు పాడవుతోంది, ఎప్పుడు తేరుకుంటోంది, ఏ గదిలో ఎక్కువ, ఏ వేళలో తక్కువ అని చెప్పడంలో ఈ ధర తరగతి సెన్సర్లలో ఇది గట్టిదే. "సరిగ్గా ఎన్ని మైక్రోగ్రాములు?" అని అడిగితే మాత్రం దిద్దుబాటు లెక్క వేయనిదే దాని జవాబు తీసుకోకూడదు. పీఎం 10 (పది మైక్రాన్ల దాకా ఉన్న ధూళి; మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అని చూపించే అంకెను అసలు పట్టించుకోనక్కర్లేదు.

లోపల జరిగేది

50 మిల్లీమీటర్ల పొడవు, 38 వెడల్పు, 21 మందం ఉన్న పెట్టె. చిన్న ఫ్యాన్ గాలిని లోపలికి లాగుతుంది. ఆ గాలి లేజరు కిరణానికి అడ్డంగా పోతుంది. ధూళి కణాలు వెదజల్లిన కాంతిని పక్కనున్న ఫోటోడయోడ్ (కాంతిని పసిగట్టే ముక్క) పట్టుకుంటుంది. ఆ మెరుపుల నుంచి లోపలి చిప్ కణాల సంఖ్యను, దాని నుంచి ఘనపు మీటరుకు ఎన్ని మైక్రోగ్రాములన్నదీ లెక్కగడుతుంది.

ఇక్కడ ఒకటి గుర్తుంచుకోవాలి: ఈ సెన్సర్ దేన్నీ తూచదు. కణాల సాంద్రత ఇంత, ఆకారం ఇలా, కాంతిని వెదజల్లే తీరు ఇలా అని ఫ్యాక్టరీలో చేసుకున్న ఊహల మీద బరువును అంచనా వేస్తుంది. ప్రభుత్వం గాలిని కొలిచే అధికారిక కేంద్రాల్లో అలా కాదు. ఒక పద్ధతిలో గంటకు ఒక ఘనపు మీటరు చొప్పున, అంటే నిమిషానికి 16.7 లీటర్ల గాలిని 24 గంటలు ఫిల్టరు గుండా లాగి, ముందూ వెనకా ఫిల్టరును తూస్తారు. ఇంకో పద్ధతిలో టేపు మీద పేరుకున్న ధూళి బీటా కిరణాలను ఎంత ఆపుతోందో కొలుస్తారు. రెండింటిలోనూ తేమను అదుపు చేసే ఏర్పాటు ఉంటుంది. మీ చేతిలోని మీటరుకూ అధికారిక కేంద్రానికీ లెక్క కుదరకపోతే సగం కారణాలు ఈ పేరాలోనే దొరుకుతాయి.

డేటాషీట్లో దాగున్న ముల్లు

కంపెనీ ఇచ్చిన వివరాల ప్రకారం 100 నుంచి 500 మైక్రోగ్రాముల మధ్య ఒక సెన్సర్‌కూ ఇంకో సెన్సర్‌కూ తేడా 10 శాతం దాకా ఉండొచ్చు. సరే, బాగానే ఉంది. 0 నుంచి 100 మధ్య? అక్కడ శాతం కాదు, అటూ ఇటూ 10 మైక్రోగ్రాములు. ఇది చదివి దాటేసేవాళ్లే ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పీఎం 2.5కి, అంటే రెండున్నర మైక్రాన్ల లోపు సన్న ధూళికి, 24 గంటల సగటు హద్దు 15, ఏడాది సగటు హద్దు 5. గాలిలో నిజంగా 15 ఉన్నప్పుడు ఈ సెన్సర్ 5 చూపినా, 25 చూపినా కంపెనీ మాట తప్పినట్టు కాదు. ఒకే బ్యాచ్‌లోవి పక్కపక్కన పెడితే ఆచరణలో ఇంత తేడా సాధారణంగా రాదు. కానీ తెర మీద 12 కనిపించిందని గాలి శుభ్రంగా ఉందని సంబరపడటానికి వీల్లేదు.

అందుకే వీలైతే రెండు తెచ్చుకోండి. రెండూ ఒకే దారిలో ఎక్కి దిగుతుంటే నమ్మకం కుదురుతుంది. ఒకటి దారి తప్పితే ఆ రోజే తెలుస్తుంది. ఒక్కటే ఉంటే అది తప్పుతోందన్న సంగతి చెప్పేవాళ్లే ఉండరు. పర్పుల్ ఎయిర్ కంపెనీ ఆరుబయటి మీటర్లలో ఒకే డబ్బాలో రెండు సెన్సర్లు పెట్టడం వెనక ఉన్న ఆలోచన ఇదే.

పీఎం 10 అంకె నేతిబీరకాయలో నెయ్యి లాంటిది. పేరే ఉంటుంది. పెద్ద కణాలు ఈ చిన్న ఫ్యాన్ లాగే నీరసమైన గాలితో మలుపులు తిరగలేక దారిలోనే రాలిపోతాయి. లేజరు దాకా వచ్చినవాటినీ ఇది సరిగ్గా పోల్చుకోలేదు. కాబట్టి తెర మీది పీఎం 10 చాలావరకు సన్న ధూళి లెక్కను కాస్త పెంచి చూపించినదే. కట్టడాల దుమ్ము, మట్టిరోడ్ల దుమ్ము, ఇసుక తుపాను వంటివి కళ్లెదుట ఎగురుతున్నా ఇందులో అంకె పెద్దగా కదలకపోవచ్చు. సెన్సర్ చెడిపోయిందనుకుని మార్చేస్తారు. కొత్తదీ అదే చూపిస్తుంది.

రెండో చివర కూడా గుడ్డితనమే. 0.3 మైక్రాన్ల కణాల్లో సగాన్నే ఇది లెక్కిస్తుందని కంపెనీయే చెబుతుంది. 0.5 దాటితే 98 శాతం. డీజిల్ ఇంజన్ నుంచి అప్పుడే వచ్చిన పొగలో కణాల సంఖ్య చూస్తే అత్యధికం 0.1 మైక్రాన్ కంటే చిన్నవి. అవి లేజరుకు కనబడవు. రద్దీ రోడ్డు పక్కన నిలబడి మీటరు చూస్తే, నాలుగు వీధుల అవతల పార్కులో చూసినదానికంటే కొంచెమే ఎక్కువ చూపించడం మామూలు. దాన్ని బట్టి రోడ్డు పక్క గాలి ఫర్వాలేదనుకోవడం పొరపాటు. అతి సన్నటి కణాలతోపాటు నైట్రోజన్ డయాక్సైడ్ కూడా అక్కడే ఎక్కువ. ఆ వాయువును కొలిచే ఏర్పాటు ఇందులో లేనేలేదు.

తేమ చేసే మాయ

ఇంటి మీటర్ల గురించి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం చివరికి తేమ దగ్గరే తేలతాయి. నగరపు గాలిలోని సన్న ధూళిలో సల్ఫేట్లు, నైట్రేట్లు గణనీయంగా ఉంటాయి. ఇవి ఉప్పు స్వభావం కలవి, నీటిని పీల్చుకుంటాయి. శుద్ధమైన అమ్మోనియం సల్ఫేట్ సాపేక్ష తేమ 80 శాతం చేరేసరికి ఒక్కసారిగా కరిగి బొట్టవుతుంది. అమ్మోనియం నైట్రేట్‌కు 62 శాతమే చాలు. ఉబ్బిన కణం ఎక్కువ కాంతిని వెదజల్లుతుంది. సెన్సర్ దాన్ని ఎక్కువ ధూళిగా లెక్కిస్తుంది. అధికారిక పరికరం గాలిని వేడిచేసి ఆరబెట్టాకే కొలుస్తుంది గనుక దానికి ఈ నీరు అంటదు. అందుకే తెల్లవారుజామున మీ మీటరు 90 చూపిస్తుంటే దగ్గర్లోని కేంద్రం 50 చూపిస్తుంది. మధ్యాహ్నానికి రెండూ దగ్గరపడతాయి.

పొగమంచు పట్టినప్పుడు వచ్చే అంకెలను పక్కన పెట్టేయడమే మేలు. వాటికి ఏ లెక్కా సరిపోదు. గదిలో అల్ట్రాసోనిక్ హ్యుమిడిఫైయర్ నడుస్తున్నా అంతే. తుంపరలు, కుళాయి నీటిలోని లవణాల పొడి కలిసి అంకెను ఎటో తీసుకుపోతాయి.

అయితే తెల్లవారుజాము పెరుగుదలంతా తేమ మాయేనని కొట్టిపారేయకూడదు. రాత్రి నేల చల్లబడ్డాక కలగలిసే గాలిపొర పలచబడి, పొగంతా నేల దగ్గరే చిక్కుకుంటుంది. చలికాలంలో మరీ ఎక్కువ. నిజమైన పెరుగుదల కొంత, నీటి ఉబ్బు కొంత. రెంటినీ విడదీయాలంటే తేమ కొలత పక్కనే ఉండాలి. తేమ సెన్సర్ లేని మీటరును ఆరుబయట వాడకానికి కొనొద్దు.

దిద్దుబాటు లెక్క

అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ పర్పుల్ ఎయిర్ మీటర్లను అధికారిక కేంద్రాల పక్కన పెట్టి, 24 గంటల సగటులను పోల్చి ఒక సూత్రం తయారుచేసింది. ఆ దేశపు అడవి మంటల పొగ పటంలో మీటర్ల అంకెలను దిద్దాకే చూపిస్తారు. సూత్రం సులువే. సెన్సర్ పంపే రెండు రకాల విలువల్లో సీఎఫ్ 1 అనే పీఎం 2.5 విలువను 0.524తో హెచ్చవేయాలి. తేమ శాతాన్ని 0.0862తో హెచ్చవేసి అందులోంచి తీసేయాలి. చివర 5.75 కలపాలి. సెన్సర్ 80 చూపిస్తోంది, తేమ 60 శాతం అనుకుందాం. 41.9 లోంచి 5.2 తీసి, 5.75 కలిపితే 42.5. అంటే తెర మీది అంకెలో సగం కంటే కాస్త ఎక్కువ.

ఇక్కడ జనం కాలు జారే చోట్లు రెండు. మొదటిది, ఈ సెన్సర్ ప్రతి పరిమాణానికీ రెండు విలువలు పంపుతుంది. ఒకటి సీఎఫ్ 1, రెండోది ఏటీఎం. కంపెనీ పత్రం ప్రకారం మొదటిది ఫ్యాక్టరీ వాతావరణానికి, రెండోది మామూలు గాలికి. అది చదివి అందరూ ఏటీఎం పట్టుకుంటారు. 25, 30 మైక్రోగ్రాముల దాకా రెండూ ఒకటే కాబట్టి తేడా తెలియదు. ఆపైన ఏటీఎం తగ్గుతూపోయి, 100 దాటాక సీఎఫ్ 1లో మూడింట రెండు వంతుల దగ్గర నిలుస్తుంది. పై సూత్రం సీఎఫ్ 1 కోసం కట్టినది. దాన్ని ఏటీఎం మీద వేస్తే తగ్గింపు మీద తగ్గింపు. పై ఉదాహరణలో ఏటీఎం సుమారు 55 ఉంటుంది. సూత్రం వేస్తే 29 వస్తుంది, రావాల్సింది 42.5. గాలి కలుషితమైన రోజునే మంచిదని చెప్పే పొరపాటు ఇది. తయారు మీటరు కొన్నవాళ్లు ఏ విలువ వాడుతున్నారో అమ్మకందారును అడగాలి. జవాబు రాకపోతే దిద్దుబాటు జోలికి వెళ్లకుండా ఎక్కువ తక్కువలు చూసుకోవడానికే వాడండి.

రెండోది తేమ. సూత్రంలోకి వెళ్లాల్సింది మీటరు డబ్బా లోపల కొలిచిన తేమ. ఎలక్ట్రానిక్స్ వేడికి అది బయటి తేమకంటే తక్కువే ఉంటుంది. వాతావరణ యాప్‌లోంచి తేమ తెచ్చి వేస్తే తెల్లవారుజామున అంకె అవసరానికి మించి తగ్గుతుంది.

సూత్రమూ వేదవాక్కు కాదు. ఎడారి దుమ్ముకు ఇది పనికిరాదు, ఉన్నదానికన్నా బాగా తక్కువ చూపిస్తుంది. పొగ మరీ దట్టమై అంకె వందల్లోకి వెళ్లినప్పుడూ తక్కువే చూపిస్తుంది. అందుకే ఆ సంస్థే పెద్ద విలువలకు వేరే రూపం తెచ్చింది. మీ గాలికి సరిపోయే లెక్క కావాలంటే దగ్గర దారి లేదు. అధికారిక కేంద్రం పక్కన కనీసం రెండు వారాలు, వీలైతే వేర్వేరు కాలాల్లో, మీటరును పెట్టి గంట సగటులను జతచేసి గీత గీయాలి. కేంద్రం దగ్గరికి వెళ్లే వీలు లేనప్పుడు మధ్యాహ్నపు గంటలనే తీసుకుని, సమీప కేంద్రంతో పోల్చండి. గాలి బాగా కలిసి ఉంటుంది, తేమ తక్కువ, వీధికీ వీధికీ తేడాలు తగ్గుతాయి. రాత్రి గంటలతో పోల్చితే మీటరు తప్పో, మీ వీధి పొగో తేలదు.

కట్టుకునేవాళ్లకు

ఎనిమిది పిన్నుల కనెక్టర్. 1వ పిన్ను 5 వోల్టులు, 2 గ్రౌండ్, 3 నిద్రపుచ్చే సెట్ పిన్ను, 4 డేటా తీసుకునే ఆర్ఎక్స్, 5 డేటా పంపే టీఎక్స్, 6 రీసెట్. చివరి రెండూ ఖాళీ. ఫ్యాన్ తిరగాలంటే 5 వోల్టులు తప్పనిసరి. డేటా పిన్నులు మాత్రం 3.3 వోల్టులవి. ఈఎస్‌పీ 32 లాంటి 3.3 వోల్టుల కంట్రోలర్ బోర్డుకు నేరుగా కలపొచ్చు. 5 వోల్టుల లాజిక్ ఉన్న బోర్డయితే మధ్యలో వోల్టేజీని సర్దే లెవెల్ షిఫ్టర్ ఉండాలి. వైరు రంగులను నమ్మి కలపకండి. నమూనాకో తీరుగా వస్తాయి. పిన్ను నంబరు చూసుకోండి. పైనున్న లోహపు తొడుగు గ్రౌండ్‌కు కలిసి ఉంటుంది, ఇంకే తీగా దానికి తగలకూడదు.

సన్నటి పొడవాటి యూఎస్‌బీ కేబుల్‌తో కరెంటు ఇస్తే వోల్టేజీ పడి ఫ్యాన్ నీరసంగా తిరుగుతుంది. గాలి తక్కువ లాగుతుంది, అంకె తగ్గుతుంది. ఏ దోషమూ కనబడకుండా తప్పు చెప్పే రకం ఇది. వైఫై పంపే క్షణంలో అంకె గంతులేస్తుంటే మొదట చూడాల్సిందీ కరెంటు సరఫరానే.

డేటా సెకనుకు 9600 బిట్ల వేగంతో, 32 బైట్ల కట్టలుగా వస్తుంది. మొదటి రెండు బైట్లు 66, 77. తర్వాతి రెండూ కట్ట పొడవు, అంటే 28. పీఎం 2.5 సీఎఫ్ 1 విలువ 7, 8 బైట్లలో, ఏటీఎం 13, 14లో. ముందు వచ్చేది పెద్ద బైటు: 7వ బైటును 256తో హెచ్చవేసి 8వది కలపాలి. చివరి రెండు బైట్లలో మొదటి 30 బైట్ల మొత్తం ఉంటుంది. అది సరిచూడకుండా రాసిన ప్రోగ్రాములే గ్రాఫు మధ్యలో ఉన్నట్టుండి వేలల్లోకి ఎగబాకే గీతలకు కారణం. కట్ట చెడితే పారేయండి, రెండు సెకన్లలో ఇంకోటి వస్తుంది.

లేజరు నిరంతరం వెలిగితే సగటు ఆయుష్షు మూడేళ్లు అన్నది కంపెనీ మాట. ఆరుబయట ధూళిలో ఫ్యాన్ అంతకంటే ముందే మొరాయించొచ్చు. సెట్ పిన్నును గ్రౌండ్‌కు దించితే సెన్సర్ నిద్రపోతుంది. ఐదు నిమిషాలకోసారి లేపి, మొదటి 30 సెకన్ల అంకెలు వదిలేసి, తర్వాతి 30 సెకన్ల సగటు తీసుకుని మళ్లీ నిద్రపుచ్చితే లేజరు పని ఐదో వంతుకు తగ్గుతుంది. ఆ 30 సెకన్లు ఎందుకు వదలాలంటే, ఫ్యాన్ స్థిర వేగం అందుకునే దాకా వచ్చే అంకెలకు అర్థం లేదు.

డబ్బా విషయంలో జరిగే తప్పు దాదాపు ఎప్పుడూ ఒకటే. గాలి లోపలికి వచ్చే రంధ్రాలూ బయటికి పోయే రంధ్రాలూ సెన్సర్ ఒకే వైపున ఉంటాయి. ఆ ముఖాన్ని డబ్బా గోడకు ఆనించకుండా లోపల ఎక్కడో వేలాడదీస్తే వదిలిన గాలినే మళ్లీ పీలుస్తుంది. బయట పొగ వచ్చిపోయినా గ్రాఫు బద్ధకంగా కదులుతుంది. ముఖాన్ని గోడకు తాకించండి, రెంటి మధ్యా అడ్డు పెట్టండి, డబ్బాకు చేసే రంధ్రం సెన్సర్ రంధ్రం కంటే చిన్నది కాకూడదు. పురుగులు రాకుండా మిల్లీమీటరు కన్నాల జాలీ చాలు. సన్నటి గుడ్డ కడితే ధూళి దాని మీదే ఆగిపోతుంది. సాలీడు లోపల గూడు కడితే అంకె ఒకే చోట ఇరుక్కుపోవడమో, పిచ్చిగా ఎగరడమో జరుగుతుంది.

కంపెనీ పత్రంలో ఈ సెన్సర్ ఇంటి లోపలి వాడకానికి ఉద్దేశించినదేనని రాసి ఉంటుంది. ఆరుబయట పెట్టేవాళ్లు వాన, ఎండ సంగతి తామే చూసుకోవాలి. నీడ ఉండాలి, రంధ్రాలు కిందికి చూడాలి, ఏసీ గాలి, వంటింటి పొగగొట్టం, జనరేటరు దగ్గర ఉండకూడదు. ఎత్తు ఒకటిన్నర నుంచి నాలుగు మీటర్ల మధ్య ఉంటే మనుషులు పీల్చే గాలికి దగ్గరగా ఉంటుంది.

ముసలిదైన సెన్సర్ రెండు రకాలుగా చెడుతుంది. అద్దం మీద ధూళి పేరుకుని అన్నీ తక్కువ చూపించడం ఒకటి. శుభ్రమైన గాలిలోనూ ఐదో పదో చూపిస్తూ, కింది గీత పైకి లేవడం రెండోది. రెండోదాన్ని పట్టుకోవడం తేలిక. చిన్న గదిని మూసి, హెపా (సన్న ధూళిని పట్టే) ఫిల్టరున్న ఎయిర్ ప్యూరిఫయర్‌ను గంటసేపు పూర్తి వేగంతో నడపండి. మీటరు 0, 1, 2 దగ్గరికి దిగాలి. ఎంతసేపైనా 6 దగ్గరే ఆగితే ఆ 6 సెన్సర్‌ది, గాలిది కాదు. ఈ పరీక్ష కొత్తగా తెచ్చిన రోజే చేసి అంకె రాసిపెట్టుకుంటే తర్వాత పోల్చుకోవచ్చు. శుభ్రం చేయాలంటే రబ్బరు బ్లోయరుతో మెల్లగా ఊదండి. కంప్రెసర్ గాలి కొట్టారంటే ధూళి నేరుగా అద్దం మీదికి పోతుంది.

పక్కనున్న పోటీదారు

సెన్సిరియన్ ఎస్‌పీఎస్ 30 ఖరీదు ఎక్కువ, మన్నిక కూడా ఎక్కువే. 24 గంటలూ నడిచినా పదేళ్లకు పైగా పనిచేసేలా తయారుచేశామన్నది కంపెనీ హామీ. తక్కువ ధూళిలో దాని అంకెలు నిలకడగా ఉంటాయి. వారానికోసారి ఫ్యాన్‌ను పది సెకన్లు పూర్తి వేగంతో తిప్పి తనను తాను శుభ్రం చేసుకుంటుంది. ఇందులోనే ఓ మెలిక ఉంది: కరెంటు తీస్తే ఆ వారం లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. రోజూ ఆపి వేసే మీటరులో ఆ శుభ్రత ఎన్నటికీ జరగదు. ప్రోగ్రాము నుంచి మీరే వారానికోసారి ఆదేశం పంపాలి. దీని నుంచి డేటా తీసుకునే దారులు రెండు, ఐ2సీ, సీరియల్. ఐ2సీ తీగ పది సెంటీమీటర్లు దాటితే సిగ్నల్ చెదరొచ్చు, సీరియల్ వాడటమే మంచిది. తేమ జబ్బు దీనికీ ఉంది. పీఎం 10 దీనిలోనూ అంచనాయే. ఒకసారి బిగించి ఏళ్ల తరబడి వదిలేయాల్సిన చోట దీన్నే తీసుకోవాలి. నేర్చుకోవడానికి, రెండేసి పెట్టుకోవడానికి పీఎంఎస్ చాలు.

ఎస్‌డీఎస్ 011 అనే మరో ధూళి సెన్సర్ ఇప్పుడు కొత్తగా కొనదగ్గది కాదు. లేజరు ఆయుష్షు 8000 గంటలు, అంటే ఆపకుండా నడిపితే ఏడాది కూడా కాదు.

అంకెకూ ఒంటికీ లంకె

మీటరు తెచ్చిన మొదటి వారం అందరూ చేసేది గంతులను చూసి బెదరడం. వంటింట్లో వేపుడు మొదలవగానే అంకె 200 దాటుతుంది. నిజమే, ఆ పొగ మంచిది కాదు. కానీ లెక్క వేయండి: ఐదు నిమిషాలు 200 ఉన్నా 24 గంటల సగటుకు అది కలిపేది 0.7 మైక్రోగ్రామే. రాత్రి పడకగదిలో పది గంటలపాటు ఎవరూ చూడని 60 కలిపేది 25. ఆరోగ్య సంస్థ రోజు హద్దు 15 కదా, ఆ ఒక్క నిద్రతోనే దాటిపోయింది. ఈ మీటరు నుంచి పొందాల్సిన అసలు ఉపయోగం ఇక్కడుంది. తలుపులు మూసుకుని ఎక్కువసేపు గడిపే గది ఏదో, అక్కడ మీటరు పెట్టండి. గంట సగటులు, రోజు సగటులు చూడండి. క్షణానికోసారి మారే అంకెను తెర మీద నుంచి తీసేసినా నష్టం లేదు.

సన్న ధూళి అనగానే ఊపిరితిత్తులే గుర్తొస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019లో ఆరుబయటి వాయు కాలుష్యం వల్ల 42 లక్షల మంది అకాల మరణం పాలయ్యారు. అందులో దాదాపు 68 శాతం గుండె రక్తనాళాల జబ్బు, పక్షవాతం వల్లే. ఊపిరితిత్తుల క్యాన్సర్ వాటా సుమారు 4 శాతం. అందుకని దగ్గు రావట్లేదు కాబట్టి ఫర్వాలేదన్న లెక్క పనికిరాదు. ఇంట్లో గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు, పసివాళ్లు, ఆస్తమా ఉన్నవారు ఉంటే మీటరు చూసి పనుల వేళలు మార్చుకోవడంలో అర్థం ఉంది. పొద్దుటి నడకను రెండు గంటలు ఆలస్యంగా మొదలుపెట్టడం, కిటికీలు మధ్యాహ్నం తెరవడం లాంటివి. మాస్కు వేసుకోవాల్సి వస్తే ముఖానికి అంచులు అతుక్కునే ఎన్ 95 తరహాదే వేసుకోవాలి. వదులుగా ఉండే గుడ్డ మాస్కులో గాలి పక్కల నుంచి పోతుంది. మీటరు అంకె చూసి మందులు తగ్గించడం, పెంచడం చేయకూడదు. ఆ నిర్ణయం డాక్టరుది.

రంగులను చూసి కూడా మోసపోవద్దు. 24 గంటల పీఎం 2.5 సగటు 40 ఉంటే భారత వాయు నాణ్యత సూచీలో అది "సంతృప్తికరం", ఎందుకంటే అక్కడ ఆ తరగతి 31 నుంచి 60 దాకా. అదే 40 అమెరికా సూచీలో, 2024లో సవరించిన హద్దుల ప్రకారం కూడా, సున్నిత ఆరోగ్యం ఉన్నవారికి హానికరమన్న తరగతిలో పడుతుంది. గాలి ఒకటే, ఊపిరితిత్తులూ ఒకటే. యాప్ ఏ దేశపు సూచీ వాడుతోందో సెట్టింగ్స్‌లో చూడండి. వీలైతే సూచీని ఆపేసి మైక్రోగ్రాములే పెట్టుకోండి.

ప్యూరిఫయర్ ఉన్నవాళ్లకు ఈ సెన్సర్ ఇంకో పని చేసిపెడుతుంది, బహుశా దాని అన్ని పనుల్లోకీ బాగా చేసేది ఇదే. ఇక్కడ కావాల్సింది అంకెల నిష్పత్తి మాత్రమే, సెన్సర్ ఎంత ఎక్కువ చూపినా ఇబ్బంది లేదు. పది చదరపు మీటర్ల నేల, మూడు మీటర్ల ఎత్తు ఉన్న గది అంటే 30 ఘనపు మీటర్లు. ప్యూరిఫయర్ గంటకు 200 ఘనపు మీటర్ల శుభ్రమైన గాలి ఇస్తుందని పెట్టె మీద రాసి ఉంటే, తలుపులు మూసిన గదిలో అంకె సగానికి దిగడానికి ఆరు నిమిషాల పైచిలుకు పట్టాలి. 80 నుంచి 40, 40 నుంచి 20 అయ్యేందుకు ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. పదిహేను నిమిషాలు పడుతుంటే ఫిల్టరు మూసుకుపోయిందో, మిషన్ తక్కువ వేగంలో ఉందో, తలుపు సందుల నుంచి బయటి గాలి వస్తోందో అని అర్థం. కింది హద్దు బయటి గాలి మీద ఆధారపడుతుంది కాబట్టి ఏ 15 దగ్గరో ఆగిపోతే ప్యూరిఫయర్‌ను తిట్టకండి. ముందు కిటికీ అంచులకు పట్టీ అంటించి మళ్లీ చూడండి.

చివరిగా కొనేటప్పుడు: ఒకే మీటరులో ధూళి, ఫార్మాల్డిహైడ్, రసాయన ఆవిరులు, కార్బన్ డయాక్సైడ్ అన్నీ చూపిస్తామంటే వాయువుల సెన్సర్ ఏదో అడగండి. చవక మీటర్లలో కార్బన్ డయాక్సైడ్ చాలాసార్లు కొలిచినది కాదు, ఆవిరుల సెన్సర్ అంకె నుంచి ఊహించినది. శానిటైజర్ సీసా మూత తీస్తే 400 కాస్తా 2000 అవుతుంది. గది గాలి మారుతోందా లేదా తెలుసుకోవాలంటే పరారుణ కాంతితో నేరుగా కొలిచే విడి సెన్సర్ తీసుకోవాలి. ఆరుబయట గాలిలో అది 420 పీపీఎంకు (పది లక్షల్లో ఇన్ని వంతులు అన్న కొలత) అటూ ఇటుగా చూపించాలి. మీటరును కిటికీ బయట పది నిమిషాలు పెట్టి చూస్తే అసలుదో కాదో అక్కడే తేలిపోతుంది.